గట్టు దాకా

నాలుగు దీపాలూ వెలుగుతున్నాయి. బ్యాటరీని రాత్రంతా వంటింట్లో టోస్టరు పక్కన చార్జింగులో పెట్టి, పొద్దున్నే కోటు లోపల పొట్టకి ఆనించుకుని బయటికి తెస్తుంది ఐలి, చలికి అది మొరాయించకుండా, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్లని తెచ్చినట్టు. మంచు తీసే మిషన్లో దించి టక్కుమనేదాకా నొక్కితే నాలుగు పచ్చ చుక్కలు. అవి ఆరేలోపు వసారా మెట్ల నుంచి రోడ్డు దాకా కారు దారి మీది మంచంతా తియ్యాలి, పదింటికి భర్త కార్ల్‌ని పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, చేతికి వ్యాయామం చేయించే పిల్ల ఇవాళ కొత్త బంతి ఏదో ఇస్తానంది. మీట నొక్కి పట్టుకుంటే చాలు, తాడు లాగనక్కర్లేదు, పెట్రోలు వాసన లేదు, పిండి కలిపే మిషనులా గుర్రుమని మొదలవుతుంది. ముందుకి తోస్తే నోటినిండా మంచు తీసుకుని పక్కకి చిమ్ముతుంది, ఆ చిమ్మినది వీధిదీపం వెలుగులో జల్లెడ పట్టిన మైదాలా ఒక్క క్షణం గాలిలో నిలిచి, తర్వాత మెల్లగా కూర్చుంటుంది. రాత్రి సరస్సు మీంచి వచ్చిన మంచు ఇది, పొడిపొడిగా ఉంది, మోకాలికి కాస్త కింద. ఇలాంటి మంచంటే ఈ మిషనుకి ఇష్టం. మిషనుకి ఇష్టం ఏమిటి, నాకే ఇష్టం అనుకుంది. అరవై దాటాక ఒక కొత్త పని చేతికి అలవాటవుతుందనీ, పొద్దున్నే దానికోసం మెలకువ వస్తుందనీ ఎవరనుకున్నారు. ఒంటిచేత్తో మెట్ల మీంచి దించొచ్చు, పిల్లిని దించినట్టు.

ముందు గాలి ఎటో చూసుకోవాలి. గాలికి ఎదురు చిమ్మితే మొహం మీదే పడుతుంది, ఎడమ పక్కకి చిమ్మితే అక్కడ ఇంకా తియ్యని మంచు మీద పడి దాన్ని రెండోసారి తియ్యాల్సి వస్తుంది, కాబట్టి కుడి అంచు నుంచి మొదలుపెట్టి కుడికి చిమ్ముకుంటూ వరస వరసగా పోవాలి, అల్లికలో లాగే, వరస చివర తిప్పడం, మళ్ళీ వెనక్కి. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. నేర్పడానికి ఉన్న ఒక్క మనిషినీ ఆమె అడగలేదు. ఆ మనిషి ఇల్లు అదిగో, తమారాక్ వీధికి అవతల, వంటింటి దీపం వెలుగుతోంది, ఎప్పట్లాగే అయిదింటికే వెలిగి ఉంటుంది. ఆర్వో. ఎనభైకి దగ్గరపడ్డ ఆర్వో. ఆయన కారు దారి మీద మంచు అలాగే ఉంది, నిన్నటిది, మొన్నటిది, వాటి మీద ఇవాళ్టిది, ఎవరూ పడుకోని పక్కలా నున్నగా. చూడకూడదనుకుంటూనే వరస తిప్పిన ప్రతిసారీ అటే చూస్తోంది.

కార్ల్‌కి పక్షవాతం వచ్చిన మొదటి చలికాలం, ఎవరూ ఏమీ అనుకోకుండానే, ఒక పొద్దున తెల్లారేసరికి దారంతా శుభ్రంగా ఉంది. ఆర్వో తన పెద్ద పెట్రోలు మిషను తోసుకుని వచ్చి తీసేశాడు. ఇక్కడ ఎవరూ సాయం అడగరు, చేసినవాళ్ళకి థాంక్స్ చెప్పరు, చెబితే ఏదో కొన్నట్టు ఉంటుంది. ఐలి యాలకుల రొట్టె జడలా అల్లి, కాల్చి, పళ్ళెంలో పెట్టి ఆయన వసారాలో వదిలింది. రెండ్రోజులకి పళ్ళెం తిరిగొచ్చింది, పొగబెట్టిన చేప ఒకటి కాగితంలో చుట్టి ఉంది అందులో. అలా మొదలైంది. ప్రతి మంచుకీ ముందు వీళ్ళది తీసేవాడు, ఆ ఊపులో వెనక్కి పోయి తనది తీసుకునేవాడు, మధ్యలో బూట్లు దులుపుకుని వంటింట్లోకి వచ్చి ఒక కప్పు కాఫీ. ఆ ఒక్క కప్పు కాఫీ సేపే కార్ల్ మాట్లాడేవాడు. మాటకీ మాటకీ మధ్య గుంటలు పడతాయి కార్ల్‌కి ఇప్పుడు, కొత్తవాళ్ళయితే ఆ గుంటల్లో తమ మాటలు పోసేస్తారు, ఐలి కూడా పోసేస్తుంది ఒక్కోసారి, తొందరలో. ఆర్వో పొయ్యడు. రొట్టె ముక్క కాఫీలో ముంచుకుంటూ కూర్చుంటాడు, అది నాని తెగి కప్పులో పడ్డా సరే.

"నీ మొగుడు పోసిన గట్లు తవ్వీ తవ్వీ నా నడుం వంగిపోయిందమ్మాయ్. ఆ పాపం పోవాలంటే ఇంకో ముక్క పెట్టు."

"నువ్వు తవ్వింది... గోరంత," అనేవాడు కార్ల్, ఇంకో గుంట దాటి, "చెప్పేది... కొండంత."

గట్లు పోసింది నిజమే. ముప్ఫై ఏళ్ళు కౌంటీ వాళ్ళ మంచు లారీ నడిపాడు కార్ల్, ముందున్న పెద్ద రేకుతో రోడ్డు గీకుకుంటూ పోతుంటే పక్కకి పడిన మంచంతా ప్రతి ఇంటి దారి మొదట్లో గట్టులా పేరుకుంటుంది, రోడ్డు మీది ఉప్పూ ఇసకా బురదా గడ్డలూ కలిసి. తెల్లారేసరికి అది రాయవుతుంది. ఊళ్ళో సగంమంది చర్చి మెట్ల మీద నవ్వుతూనే కార్ల్‌ని తిట్టేవాళ్ళు. చేతకాక కాదు, రేకు ఎవరి ఇంటి ముందూ ఎత్తకూడదని రూలు. ఒకరికి ఎత్తితే వీధంతా ఎత్తాలి.

మూడు దీపాలు. మిషను గొంతు మారింది. పోయిన మార్చిలో, ఇదిగో ఈ పోస్టు డబ్బా దగ్గరే, ఆర్వో ఆగిపోవడం చూసింది. మిషను నడుస్తూనే ఉంది, ఆయన మాత్రం రెండు చేతులూ దాని పిడుల మీద వేసి తల దించుకుని నిలబడ్డాడు, నోరు తెరిచి, మొహం రోడ్డు పక్క మంచు రంగులో. ఎంతసేపో. ఐలి వంటింటి కిటికీలోంచి చూస్తూ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత ఆయన తల ఎత్తి ఏమీ జరగనట్టు మిగతాది తీసి, కాఫీకి వచ్చి, రొట్టెలో యాలకులు తక్కువయ్యాయన్నాడు. ఆ రాత్రి పడుకుని అనుకుంది, ఈ మనిషి నా వాకిట్లో పడి పోతాడు, పోతే ఆ తర్వాత ఈ దారి మీద నేనెలా నడుస్తాను. ఈ ఏడు మంచు కాలం మొదలవకముందే వెళ్ళి ఈ తేలికపాటి కరెంటు మిషను కొనుక్కొచ్చింది. ఎవరడిగినా ఆయన గుండె కోసమే అంది. అది నిజం. నిజమే కానీ మొత్తం కాదు, దుకాణంలో దాని పిడి పట్టుకుని అటూ ఇటూ తిప్పినప్పుడు ఆర్వో గుండె గుర్తుకు రాలేదు, తన చేతులే గుర్తొచ్చాయి, మంచు వచ్చినప్పుడల్లా కిటికీ వెనక నిలబడ్డ ఆడదాని చేతులు. ముందు నాన్న, తర్వాత కార్ల్, తర్వాత ఆర్వో. వాళ్ళు బయట, తను లోపల కాఫీ కాస్తూ. నాకు రాదని ఎవరూ అనలేదు, వచ్చునా అని కూడా అడగలేదు.

మిషను నోరు పూడిపోయింది. పోస్టు డబ్బా పక్క చెట్టు కింద మంచు తడిగా ఉంటుంది, చిమ్మే గొట్టంలో పేరుకుని బిగుసుకుంటుంది. మిషను ఆపి, గొట్టానికి కట్టిన కర్రతో పొడిచింది. చెయ్యి పెట్టకూడదు, ఎంత ఆగిపోయినట్టున్నా సరే, ఈ ఊళ్ళో వేళ్ళు తక్కువున్న మగాళ్ళంతా ఆగిపోయిందనుకున్న మిషన్లోనే పెట్టారు. గొట్టానికి వంటనూనె రాస్తే అంటుకోదని ఆర్వో చెప్పాడు ఒకప్పుడు, తన మిషను గురించి. ఐలి ఇప్పుడు రోజూ రాస్తుంది. దారి రెండు పక్కలా పాతిన నారింజరంగు కర్రలు కూడా ఆయనవే, నేల గడ్డకట్టకముందు, అక్టోబరులో, ఎప్పట్లాగే వచ్చి సుత్తితో కొట్టి పాతాడు, దారి అంచు ఎక్కడో మంచులో తెలియడానికి. అప్పటికి ఈ మిషను షెడ్డులో ఉంది, అట్టపెట్టెలో. అప్పుడైనా చెప్పాల్సింది. ఏమని? మీరు ముసలివాళ్ళయిపోయారు, ఇక నేను చేసుకుంటాను అనా? చెప్పకపోవడమే మర్యాద అనుకుంది. ఇక్కడ అందరూ అంతే, చెప్పకుండా ఉండడాన్నే మర్యాద అనుకుంటారు.

మొదటి మంచు పడిన రోజున ఆర్వో కంటే ముందు లేచింది. వేలెడంత మంచు, ఎండ రాకముందే, మిషను ఉఫ్ అని ఊదినట్టు పోయింది. పని అయిపోయింది, ఇంకా రెండు దీపాలున్నాయి, ఒంట్లో ఉత్సాహం అంతకంటే ఎక్కువుంది. ఆ సంతోషంలో రోడ్డు దాటి ఆర్వో దారి కూడా తీసేసింది. మెట్ల దాకా. అంతటితో ఆగక, వసారాలో చీపురు తీసుకుని మెట్లు కూడా ఊడ్చింది. తల ఎత్తితే వంటింటి కిటికీలో ఆయన, చొక్కా లోపలి ఉన్ని బనీనుతో, కప్పు పట్టుకుని. చెయ్యి ఊపింది. కర్టెను పడిపోయింది. పొద్దున్నే బనీనుతో ఉన్నాడు కదా సిగ్గుపడ్డాడేమో అనుకుంది, నవ్వుకుంది కూడా. మర్నాడు తన వసారాలో, ఆయన దగ్గరుండిపోయిన రొట్టె పళ్ళెం ఉంది. శుభ్రంగా కడిగి, తుడిచి. ఖాళీగా.

ఖాళీ పళ్ళెం. చేప లేదు, బంగాళాదుంపలు లేవు, అడవిపళ్ళ జామ్ సీసా లేదు, ఏమీ దొరక్కపోతే నాలుగు గుడ్లయినా పెట్టే మనిషి. ఆయన భార్య లెంపి చనిపోయిన ఆ వారంలో కూడా పళ్ళెం ఖాళీగా రాలేదు, ఎవరో తెచ్చిన కేకులోంచి ఒక ముక్క కోసి పెట్టాడు. ఐలి ఆ పళ్ళేన్ని అలమరలో అన్నిటికీ అడుగున పెట్టింది, కార్ల్ చూడకుండా. శనివారం వచ్చింది. పెరట్లో సౌనా గది పొయ్యిలో కట్టెలు పేర్చి, రాళ్ళు కాగేదాకా మంట పెట్టి, తువ్వాళ్ళు మూడు పెట్టింది. లెంపి పోయినప్పటినుంచీ ఆర్వో శనివారం ఆవిరి స్నానం ఇక్కడే. రాలేదు. కార్ల్ లోపల బల్ల మీద ఒక్కడే కూర్చుని రాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నాడు ఎడమ చేత్తో, ఆవిరి లేచింది. మూడో తువ్వాలు మడత విప్పకుండానే లోపలికి తెచ్చింది. రెండు శనివారాలు. ఆయనకి ఒంట్లో బాగోలేదేమో అంటే కార్ల్ తల అడ్డంగా ఊపాడు. ఇక అప్పటినుంచీ కార్ల్ గుంటలు పెద్దవయ్యాయి, ఒక్కోసారి మాట మొదలుపెట్టి అవతలి ఒడ్డుకి చేరకుండానే మానేస్తున్నాడు. వ్యాయామం చేయించే పిల్ల, "ఇంట్లో మాట్లాడిస్తున్నారా ఆంటీ?" అని అడిగింది. మాట్లాడిస్తున్నానమ్మా, జవాబు చెప్పేదీ నేనే.

నేను చేసిన తప్పేమిటి? అని అడిగింది మిషనుని, మిషను గుర్రుమంది. మంచి చేశాను. ఆయన నాకు ఇన్నేళ్ళు చేసిందే నేను ఆయనకి ఒక్కరోజు చేశాను. ఆయన చేస్తే మంచితనం, నేను చేస్తే అవమానమా? మగవాడి పొగరు, అంతే. ఉండనీ. కానీ ఆ దారి చూడు. నా దారి తీసిన ఊపులోనే ఆయన తన దారి తీసుకునేవాడు, నాది లేకపోయేసరికి తనదీ మానేశాడు. కారు తీసి రెండు వారాలైంది, రొట్టె ఎక్కడిది, పాలెక్కడివి, అడుగుజాడ ఒక్కటి లేదు మెట్ల దగ్గర. ఇక్కడ మనిషి బాగున్నాడో లేదో అతని దారి చూసి చెప్తారు. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది, అంతే నయం.

రెండు దీపాలు. ఆకాశం అడుగున నీలం పలుచబడింది. వీధి చివర పసుపు దీపం తిరుగుతూ కనిపించింది, తర్వాత రేకు రోడ్డుని గీకే చప్పుడు పళ్ళలో. లారీ వచ్చింది. లోపలినుంచి కార్ల్ దగ్గర పని నేర్చుకున్న రాండీ చెయ్యి ఎత్తాడు, ఐలి ఎత్తింది, ఎత్తుతుండగానే ఆమె కళ్ళముందే, అంతదాకా తీసుకొచ్చిన దారి మొదట్లో, నడుం ఎత్తున గట్టు పడింది, దబదబా, బూడిదరంగు గడ్డలు. అవతల ఆర్వో ఇంటి ముందూ అంతే ఎత్తున, నిన్నటి గట్టు మీద ఇవాళ్టిది. లారీ పోయింది. చెవుల్లో మళ్ళీ మంచు నిశ్శబ్దం.

ఈ గట్టే ఈ మిషనుకి లొంగదు. రెండడుగులు లోపలికి పోతే ముక్కు గడ్డకి తగిలి ఎగిరెగిరి పడుతుంది, సంకలో పిల్లాడు మారాం చేసినట్టు. ఇన్నిరోజులూ ఇనపపారతో గడ్డలు పగలగొట్టి, ఆ ముక్కల్ని మిషనుకి కొద్దికొద్దిగా తినిపించి దాటించింది. భుజం పట్టేసింది, దాటించింది. ఇవాళా అంతే. పార ఎత్తింది. ఎత్తిన పార ఎత్తినట్టే ఉండగా ఎందుకో కార్ల్ రేకు ఎత్తడం గుర్తొచ్చింది. సౌనాలో నవ్వుకునే కథ అది, ఎన్నిసార్లు చెప్పుకున్నారో. లెంపి మొదటిసారి మంచాన పడిన చలికాలం కార్ల్ రూలు తప్పి ఆర్వో ఇంటి ముందు మాత్రం రేకు ఎత్తి పోయాడు, గట్టు పడకుండా. సాయంత్రానికి ఆర్వో వచ్చాడు, బూట్లు కూడా విప్పకుండా, తమ వంటింట్లోనే నిలబడి.

"నా గట్టేదిరా?"

"పొయ్యలేదు. లెంపి అలా ఉంటే నీకు మళ్ళీ అదొక పని ఎందుకని..."

"పని తగ్గించమని నిన్నడిగానా? ఇంట్లో నేను చెయ్యగలిగింది ఒక్కటి లేదురా. గ్లాసు కూడా నర్సే పట్టుకుంటోంది. బయట ఆ గట్టు ఒక్కటుంది నాకు. దాన్నీ ఎత్తుకుపోతావా?"

మర్నాడు కార్ల్ రెండుసార్లు తిరిగొచ్చి మరీ ఆర్వో ఇంటి ముందు రెండింతల గట్టు పోశాడు. అక్కడే అందరూ నవ్వేది. ఐలీ నవ్వేది, ప్రతిసారీ, ఆ రెండింతల గట్టు దగ్గర. నవ్వీ నవ్వీ దాని ముందున్న మాటలు అరిగిపోయాయి. గ్లాసు కూడా నర్సే పట్టుకుంటోంది. పార దించింది. ఆర్వో మెట్లు తను ఊడ్చింది ఆయన చీపురుతోనే కదా అనుకుంది, ఆయన పని, ఆయన చీపురు.

తలుపు కిర్రుమంది, రోడ్డుకి అవతల. ఆర్వో వసారాలో ఉన్నాడు, కోటు భుజాన వేసుకుని, చెవులు మూసే టోపీ ఒక చెవికే దించి. రెండు వారాల గడ్డం.

"ఏం అమ్మాయ్," అన్నాడు, ఏమీ జరగనట్టు, చాలా గట్టిగా, "బొమ్మ ఆగిపోయిందా?"

బ్యాటరీ మీద ఒక దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఐలి చేతితొడుగుతో దాన్ని మూసింది.

"బ్యాటరీ అయిపోయింది."

"పెట్రోలు బండికి ఆ రోగం లేదు."

"గట్టు కూడా పగలట్లేదు. పదింటికి కార్ల్‌ని తీసుకెళ్ళాలి."

నోట్లోంచి వచ్చేశాక తెలిసింది, అడిగానని. ఈ వీధిలో పుట్టి పెరిగి ఇన్నేళ్ళకి మొదటిసారి. ఆర్వో గట్టు వైపు చూశాడు, పార వైపు చూశాడు, ఆమె చెయ్యి వైపు చూశాడు.

"నిన్న పగిలిందిగా."

"నిన్నటిది మెత్తన."

"హూఁ," అన్నాడు. లోపలికి పోయాడు. తలుపు పడింది.

అంతే. మిషను మోసుకుని వెనక్కి నడిచింది, శుభ్రంగా తీసిన దారి మీద, రోడ్డుకీ తనకీ మధ్య గట్టు అలాగే ఉండగా. ఇప్పుడు మొదలుపెడితే పదింటికి పగలగొట్టగలదు. తొమ్మిది దాటాక అయితే కాదు. రాకపోతే? రాకపోతే ఆసుపత్రికి ఫోను చేసి రాలేమని చెప్పాలి, ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో అంటుంది, కార్ల్ చెయ్యి ఇంకో వారం ముడుచుకునే ఉంటుంది. వస్తే? వస్తే ఆ పోస్టు డబ్బా దగ్గర మళ్ళీ ఆగిపోతే? ఆయన్ని అక్కడికి పిలిచింది తనే అవుతుంది. మెట్ల మీద నిలబడి బూట్లు దులుపుకుంది, మంచు రాలిపోయాక కూడా దులుపుతూనే ఉంది.

కార్ల్ వంటింట్లో కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు, బాగైన చేత్తో కర్టెను పట్టుకుని. అంతా చూశాడన్నమాట.

"గట్టు... వదిలేశావే."

"నావల్ల కాలేదు. ఇవాళ్టిది బాగా గట్టిది."

కార్ల్ ఆమెని చూశాడు. ముప్ఫై ఏళ్ళు గట్లు పోసిన మనిషి, అప్పుడే పడిన గట్టు ఎంత గట్టిగా ఉంటుందో అతనికి చెప్పాలా. నోరు కదిలింది, గుంట వచ్చింది, ఐలి ఈసారి అందులో ఏమీ పొయ్యలేదు, స్టవ్ వెలిగించి కెటిలు పెట్టి, వీపు అతని వైపే ఉంచి ఆగింది.

"కప్పులు," అన్నాడు చాలాసేపటికి, "మూడు పెట్టు."

మూడు పెట్టింది. అలమర అడుగు నుంచి ఆ పళ్ళెం తీసి, నిన్నటి రొట్టె కోసి అందులో పెట్టింది. అవతల షెడ్డు తలుపు చప్పుడు. తర్వాత తాడు లాగిన చప్పుడు, బర్ర్, ఏమీ లేదు. మళ్ళీ, బర్ర్. ఏమీ లేదు. రెండు వారాలుగా చలిలో పడున్న ఇంజను. మధ్యలో ఎంత ఆలస్యమైందంటే ఐలి రొట్టె కత్తి కింద పెట్టేసింది. బర్ర్, దగ్గు, దగ్గు, పట్టుకుంది. వీధంతా పెట్రోలు చప్పుడు. కార్ల్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

ఆర్వో ముందు వీళ్ళ దగ్గరికే వచ్చాడు. రోడ్డు దాటి, మిషను నోరు గట్టుకి ఆనించి, ఒంటి బరువంతా వేసి తోశాడు. గడ్డలు ఎగిరి అంత దూరాన పడ్డాయి. సగం పోయింది. పోస్టు డబ్బా దగ్గరికొచ్చాడు. ఆగాడు. రెండు చేతులూ పిడుల మీద వేసి, తల దించి. టోపీ కిందనుంచి ఆవిరి మబ్బు, చిన్నది, ఆగి, ఇంకోటి. ఐలి తలుపు దగ్గరికి ఎప్పుడు వచ్చిందో తెలియదు, చెయ్యి పిడి మీద ఉంది, ఇత్తడి చల్లగా అరచేతికి అంటుకుంది.

"ఉండు," అన్నాడు కార్ల్. ఏ గుంటా లేకుండా.

తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడింది. కెటిలు కూత మొదలుపెట్టింది, ఎవరూ ఆపలేదు. ఆర్వో తల ఎత్తాడు. టోపీ రెండో చెవికి కూడా దించుకున్నాడు. మిషను కదిలింది, ఒక బూడిదరంగు గడ్డ లేచి నారింజ కర్ర మీంచి దూకి అవతల పడింది. కొంచెం పోయి మళ్ళీ ఆగాడు. మళ్ళీ కదిలాడు. ఐలి పిడి మీదనుంచి చెయ్యి తియ్యలేదు, తిప్పనూ లేదు.